రెండు జాబితాలు ఒకటైన చోట: పైలట్ల సీనియారిటీ విలీనాల చరిత్ర

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. కర్నూలు నుంచి ఫైళ్ళూ బీరువాలూ మనుషులూ హైదరాబాదు చేరారు. అప్పటికే హైదరాబాదు ప్రభుత్వంలో ఉన్న గుమాస్తా పక్కనే కర్నూలు నుంచి వచ్చిన గుమాస్తాకూ కుర్చీ పడింది. ఇద్దరిలో సీనియరు ఎవరు? ఒకరికి సర్వీసు ఎక్కువ కావచ్చు, మరొకరికి హోదా ఎక్కువ కావచ్చు. పదోన్నతి ముందు ఎవరికి రావాలి? ఈ ప్రశ్న ఏళ్ళ తరబడి తేలలేదు, కోర్టుల దాకా నడిచింది. 1969లో తెలంగాణ ఉద్యోగుల గుండెల్లో రగిలిన అసంతృప్తుల్లో అదీ ఒకటి. ఇలాంటి ఉద్యోగులందరికీ ‘న్యాయంగా, సముచితంగా’ జరిగేలా చూడాలని రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టంలోని 115వ సెక్షను చెప్పింది. ఆ రెండు మాటలకు అర్థం ఏమిటో మాత్రం చెప్పలేదు.

పదహారేళ్ళ తర్వాత అమెరికాలో, రెండు ప్రాంతీయ విమాన సంస్థలు ఒకటైనప్పుడు ఇచ్చిన ఉత్తర్వులో సరిగ్గా ఆ రెండు మాటలే కనిపిస్తాయి. పైలట్ల సీనియారిటీ జాబితాల విలీనం గురించి ఆ దేశంలో జరిగిన పోరాటమంతా వాటి చుట్టూనే తిరిగింది. ఎయిర్‌లైన్ల లాభనష్టాల లెక్కల్లో కనిపించని ఈ చరిత్ర వేలమంది జీవితాలను పైకి ఎత్తింది, కిందికి తోసింది.

నంబరు అంటే ఏమిటి

అమెరికాలో ఎయిర్‌లైన్ పైలట్‌కి ఉద్యోగంలో చేరిన రోజే ఒక సీనియారిటీ నంబరు వస్తుంది. తనకంటే పైన ఉన్నవారు రిటైరైతేనో, ఉద్యోగం వదిలితేనో, సంస్థ పెరిగి కింద కొత్తవారు చేరితేనో జాబితాలో అతని స్థానం మెరుగుపడుతుంది. ఏ విమానం నడపాలి, ఏ ఊరు బేస్‌గా ఉండాలి, కో-పైలట్ సీటు నుంచి కెప్టెన్ సీటుకు ఎప్పుడు మారాలి, ఏ నెలలో ఏ రోజులు సెలవు, క్రిస్మస్ రాత్రి పిల్లల దగ్గర గడుస్తుందా హోటల్ గదిలో గడుస్తుందా అన్నవన్నీ ఆ నంబరును బట్టే. గడ్డుకాలం వచ్చి మనుషులను తగ్గించవలసి వస్తే జాబితా అడుగు నుంచే మొదలుపెడతారు.

ఇంకో సంగతి కూడా ఉంది. సంస్థ మారితే ఆ నంబరు వెంట రాదు. ఇరవై ఏళ్ళు కెప్టెన్‌గా పనిచేసినవారైనా కొత్త సంస్థలో చేరితే అందరికంటే అడుగున, కొత్తవారి జీతంతో మొదలుపెట్టాల్సిందే. అందువల్ల నంబరు పోవడమంటే ఆ పైలట్‌కి తన గడిచిన సంవత్సరాలు పోయినట్టే.

ఈ పద్ధతి రైల్వేల నుంచి వచ్చింది. తపాలా సంచులు మోస్తూ ఎగిరిన తొలి రోజుల్లో వాతావరణం బాగోలేదని విమానం ఎక్కనన్న పైలట్ ఉద్యోగమే పోగొట్టుకునేవాడు. పై అధికారికి నచ్చినవాడికి మంచి రూటు, నచ్చనివాడికి చెడ్డ రూటు. 1931లో డేవిడ్ బెన్కీ నాయకత్వంలో ఏర్పడిన ఎయిర్ లైన్ పైలట్స్ అసోసియేషన్ ఈ ఇష్టారాజ్యానికి అడ్డుకట్టగా సీనియారిటీని పట్టుకుంది. పైలట్లు క్లుప్తంగా ఆల్పా అని పిలిచే సంఘం ఇదే. 1936లో రైల్వే కార్మిక చట్టాన్ని విమాన సంస్థలకూ వర్తింపజేశాక, సీనియారిటీ ఒప్పందాలకు గట్టి ఆధారం దొరికింది. ‘వద్దు’ అనగల ధైర్యం పైలట్‌కి ఇచ్చింది ఆ వరుసే. ప్రయాణికుల ప్రాణాలకూ అది ఒక రక్ష.

అలెగేనీ, మోహాక్

ఒక సంస్థలో ఒక వరుస ఉన్నంత కాలం చిక్కు లేదు. రెండు సంస్థలు ఒకటైతే రెండు వరుసలు ఎదురెదురుగా నిలబడతాయి. విలీనాలకు అనుమతి ఇచ్చే అధికారం అప్పట్లో సివిల్ ఏరోనాటిక్స్ బోర్డుది. 1961లో యునైటెడ్ సంస్థ క్యాపిటల్‌ని కలుపుకున్నప్పుడు ఉద్యోగుల రక్షణకు బోర్డు షరతులు పెట్టింది. వాటికి స్థిరరూపం వచ్చింది మాత్రం 1972లో.

మోహాక్ న్యూయార్క్ రాష్ట్రంలోని యుటికా కేంద్రంగా చిన్న పట్టణాలను కలిపే ప్రాంతీయ సంస్థ. అప్పులతో కుంగుతూ ఉండగా 1970 చివర్లో మొదలైన పైలట్ల సమ్మె 1971 వసంతం దాకా సాగింది. అది కోలుకోలేకపోయింది. పెన్సిల్వేనియా ప్రాంతంలో బలపడిన అలెగేనీ సంస్థ 1972 ఏప్రిల్‌లో దాన్ని కలుపుకుంది. ఆ సందర్భంలో బోర్డు విధించిన షరతులకు ‘అలెగేనీ-మోహాక్ నిబంధనలు’ అన్న పేరు స్థిరపడింది. పెద్ద సంస్థలన్నీ నేటికీ వల్లించే న్యాయసూత్రం రెండు చిన్న సంస్థల పేర్లతో మిగలడం ఈ చరిత్రలో నాకు ఎంతో ఇష్టమైన విషయం.

వాటిలో మూడో నిబంధన సీనియారిటీ జాబితాలను న్యాయంగా, సముచితంగా కలపాలంటుంది. ముందు రెండు పక్షాలూ మాట్లాడుకోవాలి. కుదరకపోతే పదమూడో నిబంధన ప్రకారం మధ్యవర్తి దగ్గరకు వెళ్ళాలి. జాతీయ మధ్యవర్తిత్వ బోర్డు ఏడు పేర్లు ఇస్తుంది. ఇరుపక్షాలూ ఒకరి తర్వాత ఒకరు ఒక్కో పేరు కొట్టేస్తూ పోతే చివరికి మిగిలినవారే తీర్పరి. వాళ్ళ మాటే ఆఖరు. న్యాయం అంటే ఇదీ అని ఆ నిబంధనలు నిర్వచించలేదు. న్యాయాన్ని ఎవరు తేల్చాలో, తేల్చడానికి దారి ఏమిటో చెప్పాయి. వాటి బలమంతా అక్కడే ఉంది.

తేదీయా, నిష్పత్తా

తీర్పరి ముందున్న దారులు మూడు. మొదటిది చేరిన తేదీ: ఎవరు ముందు ఉద్యోగంలో చేరితే వారే పైన. వినడానికి ఇంతకంటే సూటైనది లేదు. కానీ రెండు సంస్థలు ఒకే వేగంతో పెరగవు. ఒకదాంట్లో విమానాలు వరుసగా వచ్చి, నాలుగేళ్ళకే కెప్టెన్లయ్యారనుకుందాం. రెండోదాంట్లో ఎదుగూ బొదుగూ లేక పన్నెండేళ్ళైనా కో-పైలట్లుగానే ఉన్నారనుకుందాం. తేదీ ప్రకారం కలిపితే ఆ నాలుగేళ్ళ కెప్టెన్ తన సీటును పన్నెండేళ్ళ కో-పైలట్‌కి అప్పగించాల్సి వస్తుంది. రెండోది నిష్పత్తి: తన సంస్థలో సగం ఎత్తున ఉన్నవారు ఉమ్మడి జాబితాలోనూ సగం ఎత్తునే ఉంటారు. ఇందులో పన్నెండేళ్ళ సర్వీసు నాలుగేళ్ళ సర్వీసు కిందికి పోతుంది. మూడోది కొన్న సంస్థ జాబితా కింద అమ్ముడైన సంస్థ జాబితాను తీసుకెళ్ళి అతికించేయడం. పైలట్లు దీన్ని ‘స్టేపుల్’ అంటారు. కాగితం అడుగున ఇంకో కాగితం పిన్ను కొట్టినట్టన్నమాట.

ఏ దారి పట్టినా పడే దెబ్బను తగ్గించడానికి ‘కంచె’ వేస్తారు. ఫలానా విమానాలు ఇన్నేళ్ళపాటు ఫలానా సంస్థ నుంచి వచ్చినవారికే అన్న నియమం అది. 1986లో నార్త్‌వెస్ట్, రిపబ్లిక్ ఒకటైనప్పుడు జరిగింది ఇదే. రిపబ్లిక్ మూడు ప్రాంతీయ సంస్థల కలయిక. అందులో పాత తేదీలవారు ఎక్కువ, నడిపేవి చిన్న జెట్లు. నార్త్‌వెస్ట్ పైలట్లు తెచ్చినవి మహాసముద్రాలు దాటే 747లు. మధ్యవర్తి థామస్ రాబర్ట్స్ తేదీని ఆధారం చేసుకుని, పెద్ద విమానాల చుట్టూ ఏళ్ళ తరబడి నిలిచే కంచెలు వేశారు. కంచె లోపలివారికీ వెలుపలివారికీ మధ్య చేదు మాత్రం వారి ఉద్యోగకాలమంతా మిగిలింది.

ఇలాంటి అనుభవాల తర్వాత 1991లో ఆల్పా తన విలీన విధానంలో తేదీకి ఉన్న ప్రాధాన్యాన్ని తీసేసింది. 2009లో సర్వీసు కాలాన్ని తిరిగి చేర్చింది. అప్పటి నుంచి సర్వీసు ఎంత, ఏ స్థాయి సీటు, విలీనం జరగకపోతే ఈ పైలట్ ఎక్కడిదాకా వెళ్ళేవారు అన్న మూడు అంశాలనూ కలిపి తూకం వేస్తున్నారు.

రక్షణ పోయిన రోజులు

1978లో విమానరంగంపై నియంత్రణ ఎత్తేశారు. 1984 చివర్లో సివిల్ ఏరోనాటిక్స్ బోర్డే మూతపడింది. తర్వాత అనుమతులు ఇచ్చిన రవాణా శాఖ అలెగేనీ-మోహాక్ షరతులు పెట్టడం మానుకుంది. పైలట్ల రక్షణ ఇక వారి సొంత ఒప్పందాల్లో ఎంత రాసుకున్నారో అంతే.

దాని ఫలితం 2001లో కళ్ళకు కట్టింది. దివాలా తీసిన టీడబ్ల్యూఏని అమెరికన్ ఎయిర్‌లైన్స్ కొన్నది. సంస్థ బతకాలంటే ఈ కొనుగోలే దారి అన్న ఒత్తిడిలో టీడబ్ల్యూఏ పైలట్లు తమ ఒప్పందంలోని సీనియారిటీ రక్షణను వదులుకున్నారు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ పైలట్లది ఆల్పా కాదు, వేరే సంఘం. వారి జాబితాలో టీడబ్ల్యూఏ పైలట్లలో సగానికి పైగా అడుగున పిన్ను కొట్టబడ్డారు. ఆ ఏడాదే సెప్టెంబరు 11 దాడులు జరిగాయి. విమానప్రయాణం పడిపోయింది. ఉద్యోగాలు తగ్గించడం మొదలైంది అడుగు నుంచే. దశాబ్దంపైగా పనిచేసిన కెప్టెన్లు ఇంటిదారి పట్టారు. తమ తరఫున ఆల్పా సరిగా నిలబడలేదని వారు వేసిన దావాలో 2011లో జ్యూరీ వారి పక్షాన తీర్పు చెప్పింది. ఆ తర్వాత 5 కోట్ల 30 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. డబ్బు వచ్చింది కానీ, పోయిన కెప్టెన్ సీట్లు తిరిగి రాలేదు.

టీడబ్ల్యూఏ కేంద్రం సెయింట్ లూయిస్ మిస్సోరి రాష్ట్రంలో ఉంది. ఆ రాష్ట్ర సెనేటర్లు క్లేర్ మెకాస్కిల్, కిట్ బాండ్ పార్టీలు వేరైనా కలిసి తెచ్చిన సవరణ 2007 డిసెంబరులో చట్టమైంది. అలెగేనీ-మోహాక్ మూడో, పదమూడో నిబంధనలు ఇక విమాన సంస్థల విలీనాలకు చట్టంగా వర్తిస్తాయి. అదే నెలలో పైలట్ల రిటైర్మెంట్ వయసు 60 నుంచి 65కి పెరిగింది. పైవారు ఇంకో ఐదేళ్ళు ఉండిపోవడంతో కిందివారి వరుస కదలడం ఆగింది. ఒకే నెలలో వచ్చిన రెండు చట్టాల్లో ఒకటి కిందివారికి రక్షణ ఇచ్చింది, మరొకటి వారి నిరీక్షణను పొడిగించింది.

తీర్పు నిలవని చోట, నిలిచిన చోట

2005లో అమెరికా వెస్ట్, యూఎస్ ఎయిర్‌వేస్ ఒకటయ్యాయి. యూఎస్ ఎయిర్‌వేస్‌లో సుమారు 5,100 మంది పైలట్లు ఉంటే వారిలో 1,700 మంది దాకా అప్పటికే పని లేక ఇంట్లో ఉన్నారు. అమెరికా వెస్ట్ పైలట్లు సుమారు 1,900 మంది, అందరూ పనిలోనే ఉన్నారు. 2007లో మధ్యవర్తి జార్జ్ నికొలావ్ తీర్పు ఇచ్చారు. యూఎస్ ఎయిర్‌వేస్‌లో అగ్రస్థానంలో ఉన్న సుమారు 500 మందిని పైన ఉంచి, మిగిలినవారిని నిష్పత్తి ప్రకారం కలిపి, పని లేనివారిని అడుగున పెట్టారు. దాంతో పదహారు, పదిహేడేళ్ళ సర్వీసున్న వ్యక్తి పక్కన కొన్ని నెలల క్రితం చేరినవాడు నిలబడ్డాడు.

సంఖ్యలో ఎక్కువగా ఉన్న యూఎస్ ఎయిర్‌వేస్ పైలట్లు ఈ తీర్పును ఒప్పుకోలేదు. 2008లో ఆల్పానే తొలగించి, చేరిన తేదీ ఆధారంగా జాబితా సాధిస్తామన్న కొత్త సంఘాన్ని ఎన్నుకున్నారు. రెండోవైపు పైలట్లు కోర్టుకెక్కారు. ఒకే పేరుతో ఎగిరే విమానాల్లో రెండు వర్గాల పైలట్లు ఏళ్ళ తరబడి వేరువేరుగా పనిచేశారు. ఉమ్మడి ఒప్పందం కుదరక పాత, తక్కువ జీతాలే కొనసాగాయి. 2013లో ఆ సంస్థ అమెరికన్‌లో కలిశాక, 2016లో మరో మధ్యవర్తి మండలి ఒకే జాబితా ఇచ్చింది. పదకొండేళ్ళు గడిచాయి. గెలిచామనుకున్న వర్గం కూడా ఆ కాలంలో నష్టపోయింది.

2008లో డెల్టా, నార్త్‌వెస్ట్ విలీనం దీనికి పూర్తి భిన్నంగా నడిచింది. రెండు పైలట్ వర్గాలూ ముందే ఉమ్మడి ఒప్పందం మీద సంతకాలు చేసి, జాబితా తేల్చే గడువు పెట్టుకుని, మధ్యవర్తి మాటకు కట్టుబడతామన్నాయి. అక్టోబరులో సంస్థలు ఒకటైతే డిసెంబరుకల్లా సుమారు 12,000 మంది జాబితా వచ్చేసింది. అందరూ సంతోషించలేదు. కానీ అందరూ దానికి లోబడ్డారు.

ప్రాంతీయ సంస్థల్లో కష్టం ఇంకో రకం. 2007లో కోల్గన్‌ని, 2010లో మెసాబాని పినాకిల్ సంస్థ కొన్నది. ఒకదానివి జెట్లు, ఒకదానివి ఎక్కువగా ప్రొపెల్లర్ విమానాలు, మరొకదాంట్లో రెండూ ఉన్నాయి. పెద్ద సంస్థల కాంట్రాక్టుల మీద బతికే ఈ సంస్థల్లో భవిష్యత్తు వారి చేతుల్లో ఉండదు. 2011లో మూడు జాబితాలూ ఒకటయ్యాయి. 2012లో పినాకిల్ దివాలా పిటిషన్ వేసింది. కోల్గన్ ప్రొపెల్లర్ విమానాలు ఆ ఏడాదే ఆగిపోయాయి. 2013లో పినాకిల్ డెల్టా సొంతమై ఎండెవర్ ఎయిర్ అయింది. విలీనం జరగకపోతే ఎక్కడిదాకా వెళ్ళేవారో తూచి తీర్పు ఇచ్చిన ఏడాదిలోనే ఆ తూకపు రాళ్ళే కరిగిపోయాయి. భవిష్యత్తును కొలిచి న్యాయం చేయడం ఎంత కష్టమో ఆ చిన్న సంస్థల కథ చెబుతుంది.

మన దగ్గర

మన దేశంలో మొదటి పెద్ద విలీనం 1953 జాతీయీకరణ. ఎనిమిది సంస్థలు కలిసి ఇండియన్ ఎయిర్‌లైన్స్ అయ్యాయి. బేగంపేట నుంచి ఎగిరిన డెక్కన్ ఎయిర్‌వేస్ అందులో ఒకటి. దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్ ప్రేమ్ మాథుర్ పనిచేసింది ఆ సంస్థలోనే.

2007లో ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఒకటయ్యాయి. పేరు ఒకటైంది, రంగులు ఒకటయ్యాయి. పైలట్ల సంఘాలు మాత్రం రెండుగానే ఉండిపోయాయి. జీతాల పద్ధతులూ కమాండర్ అయ్యే వేగాలూ వేరువేరు. ఈ తేడాలు తేల్చడానికి జస్టిస్ ధర్మాధికారి కమిటీని వేసింది 2011లో, విలీనమైన నాలుగేళ్ళకు. నివేదిక 2012 జనవరిలో వచ్చింది. ఆ మేలోనే ఎయిర్ ఇండియా పైలట్లు సమ్మెకు దిగారు. కొత్త డ్రీమ్‌లైనర్ విమానాల శిక్షణ రెండో సంస్థ పైలట్లకూ ఇస్తే తమ పదోన్నతులు వెనక్కి పోతాయన్నది వారి భయం. ఆ సమ్మె 58 రోజులు సాగింది. సంస్థ చేతులు మారినప్పుడు సర్వీసుకు అంతరాయం కలిగితే పరిహారం ఇవ్వాలని పారిశ్రామిక వివాదాల చట్టంలోని 25-ఎఫ్‌ఎఫ్ సెక్షను చెప్పింది. రెండు వరుసలను ఎలా కలపాలో అది చెప్పలేదు. 2024 నవంబరులో విస్తారా ఎయిర్ ఇండియాలో కలిసింది. ఇలాంటి విలీనాలు మన దేశంలో ఇక ముందూ ఉంటాయి.

ఈ చరిత్ర నుంచి నేను నేర్చుకున్నది ఒక్కటే. అందరికీ న్యాయంగా కనిపించే సీనియారిటీ సూత్రం లేదు. తేదీ పట్టుకుంటే ఒకరికి అన్యాయం, నిష్పత్తి పట్టుకుంటే ఇంకొకరికి. ఇక మనుషులు చేయగలిగింది ఎవరు ఎక్కడ నిలబడతారో తెలియకముందే తేల్చే పద్ధతిని ఒప్పుకోవడం, దానికి గడువు పెట్టడం, వచ్చిన మాటకు కట్టుబడటం. అన్నదమ్ములు వాటాలు పంచుకునేటప్పుడు పెద్దమనిషిని ముందే ఎన్నుకుంటారు, వాటాలు చూశాక కాదు. డెల్టా పైలట్లు ఆ పని చేశారు, యూఎస్ ఎయిర్‌వేస్ పైలట్లు మాట తప్పారు, మన ఎయిర్ ఇండియాలో నాలుగేళ్ళు ఆలస్యంగా చేశారు.

మన దేశంలో విమాన సంస్థలు కలిసే ప్రతిసారీ విలీనానికి అనుమతి ఇచ్చే కాగితంలోనే సీనియారిటీని ఎవరు, ఎంత గడువులో తేలుస్తారో రాయాలి. ఆ కాగితంలో జాబితా అడుగున ఉన్నవారి గొంతు వినిపించాలి. పైవారికి విలీనమంటే కొత్త రంగు వేసిన విమానం. అడుగున ఉన్నవారికి అది ఇంకో పదేళ్ళు కో-పైలట్‌గా కుడిపక్క సీట్లోనే కూర్చోవడం. 1956లో కుర్చీ పక్కన కుర్చీ వేసుకున్న గుమాస్తాలకు దొరకని స్పష్టత, రేపు ఒకే కాక్‌పిట్‌లో పక్కపక్కన కూర్చునే ఇద్దరికైనా దొరకాలి.