బింబంపై బిందువు: గుంటూరు గ్రహణ ఫలకాల నుంచి ఫోబోస్ చిత్రం వరకు

సారాంశం: గ్రహబింబం ముందు నుంచి ఉపగ్రహం సాగిపోయే దృశ్యాన్ని దూరదర్శినితో చిత్రీకరించడం నేడు చాలామందికి అభిరుచిగా మారింది. కంటి సాక్ష్యం స్థానంలో ఫలకంపై నిలిచే సాక్ష్యం వచ్చిన పరిణామమే దీనికి నేపథ్యం. ఆ పరిణామంలో తెలుగు నేలకున్న స్థానాన్ని గుంటూరు (1868), విశాఖపట్నం (1874), మంగళయాన్ (2014) సందర్భాల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఇటువంటి చిత్రానికి చారిత్రక విలువనిచ్చేది స్పష్టత ఒక్కటే కాదని, దానితోపాటు నమోదైన కాలమని ప్రతిపాదిస్తుంది.

ఉపోద్ఘాతం

పంచాంగకర్తలు గ్రహణానికి స్పర్శ, మధ్య, మోక్ష కాలాలను వేర్వేరుగా గణిస్తారు. బింబాలు తాకే క్షణం స్పర్శ, విడివడే క్షణం మోక్షం. ఉపగ్రహం గ్రహబింబాన్ని దాటే ఘటనకూ ఇదే విభజన వర్తిస్తుంది. తెలుగులో సంక్రమణమంటే సూర్యుడు ఒక రాశి నుంచి మరో రాశిలోకి ప్రవేశించడమనే అర్థం స్థిరపడింది. అందువల్ల ఈ వ్యాసంలో బింబాన్ని దాటడాన్ని ‘బింబసంక్రమణం’ అని వ్యవహరించడమైనది.

1610లో గెలీలియో గురుగ్రహపు నాలుగు ఉపగ్రహాలను గుర్తించాడు. అవి గురుని నీడలో మరుగయ్యే క్షణం భూమిపై ఎక్కడి వారికైనా ఒక్కటే. కాబట్టి రెండు ఊళ్ల స్థానిక కాలాల తేడా వాటి రేఖాంశాల తేడాను తెలుపుతుంది. మద్రాసు వేధశాలలో జాన్ గోల్డింగ్‌హామ్ రేఖాంశ నిర్ణయానికి ఈ పద్ధతినే అనుసరించాడు. కాలం నమోదు కాకపోతే ఆ పరిశీలనకు ప్రయోజనం లేదు.

గుంటూరు, 1868

1868 ఆగస్టు 18న సంభవించిన సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించడానికి బ్రిటిష్ సైనికాధికారి జేమ్స్ టెన్నంట్, ఫ్రెంచి శాస్త్రవేత్త జూల్స్ జాన్సెన్ వేర్వేరు బృందాలతో గుంటూరు చేరారు. సూర్యుడు నవగ్రహాలలో ఒకడే అయినా ఆధునిక ఖగోళశాస్త్రంలో గ్రహం కాడు. అయితే భూమి ఉపగ్రహమైన చంద్రుడు ఒక ప్రకాశబింబాన్ని కప్పడం కనుక ప్రస్తుత విషయానికి ఇది సమీప ఉదాహరణ.

జాన్సెన్ వర్ణపటదర్శినితో సౌరజ్వాలలను పరిశీలించి, గ్రహణం లేని వేళ కూడా వాటిని చూడవచ్చునని మరునాడే నిరూపించాడు. టెన్నంట్ బృందం దూరదర్శినితో ఆరు ఛాయాచిత్రాలు తీసింది. ఆనాటి తడి కొలోడియన్ పద్ధతిలో గాజుపలకకు పూత పూసి, అది ఆరకముందే చిత్రం తీసి, వెంటనే రసాయనాలతో రూపం తేవాలి. సంపూర్ణ గ్రహణం నిలిచే కొద్ది నిమిషాలలో ఇది సమయంతో పోటీ. కొమ్ము ఆకారంలో ఎగసిన ఒక సౌరజ్వాల ఆ ఫలకాలపై నిలిచింది. కంటితో చూసినవారి వర్ణనలు ఒకరికొకరికి భేదించవచ్చు. వరుస ఫలకాలను మాత్రం తర్వాతి పరిశోధకులు సైతం కొలిచి పోల్చగలరు.

విశాఖపట్నం, 1874

మద్రాసు వేధశాలలో టి.జి. టేలర్ వద్ద ఖగోళశాస్త్రం అభ్యసించిన గోడే వెంకట జగ్గారావు 1840లో విశాఖపట్నంలో సొంత వేధశాలను స్థాపించారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874 డిసెంబరు 9న అక్కడి నుంచి ఆరు అంగుళాల దూరదర్శినితో శుక్రుని బింబసంక్రమణాన్ని పరిశీలించారు. ఆ వివరాలు లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికలో వెలువడ్డాయి.

ఈ ఘటనలో స్పర్శక్షణాన్ని నిర్ణయించడమే అసలు చిక్కు. శుక్రుడు సూర్యుని అంచును విడిచే వేళ రెంటి నడుమ నల్లని తంతువు వంటిది సాగినట్లు కనిపించడం వల్ల, పక్కపక్కన నిలిచిన పరిశీలకులే భిన్నమైన సమయాలు నమోదు చేసేవారు. గుంటూరు అనుభవమున్న జాన్సెన్ దీనికి పరిష్కారంగా తిరిగే ఫలకంపై 72 సెకన్లలో 48 చిత్రాలు తీసే యంత్రాన్ని రూపొందించాడు. 1874లో దానిని జపాన్‌లోని నాగసాకికి తీసుకువెళ్లాడు. ఒకే చిత్రానికి బదులు కాలక్రమంలో సాగే చిత్రమాల ఆ విధంగా సాక్ష్యమైంది.

మంగళయాన్, 2014

2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి బయలుదేరిన మంగళయాన్ 2014 సెప్టెంబరు 24న అంగారక కక్ష్యలో ప్రవేశించింది. అంగారకుని నేపథ్యంలో ఫోబోస్ నల్లని బిందువుగా కనిపించే చిత్రాన్ని ఇస్రో అదే అక్టోబరులో విడుదల చేసింది. అంగారకుని వ్యాసం 6,779 కిలోమీటర్లు, ఫోబోస్ సగటు వ్యాసం సుమారు 22 కిలోమీటర్లు. చిత్రం తీసిన క్షణం, నౌక ఉన్న స్థానం తెలిసినప్పుడే ఆ బిందువు ఫోబోస్ కక్ష్యను సరిచూసే ఆధారం కాగలదు.

నేటి అభిరుచి పరిశీలకులు గురుని ఉపగ్రహాలను వీడియోగా తీసి, స్పష్టమైన చట్రాలను ఏరి ఒకదానిపై ఒకటి చేరుస్తారు. గురుబింబంపై ఉపగ్రహం కన్నా దాని నీడే ప్రస్ఫుటంగా కనిపిస్తుంది. గురుడు పది గంటలలోపే ఒకసారి తన చుట్టూ తాను తిరుగుతాడు. అందువల్ల చిత్రీకరణ కొద్ది నిమిషాలకు మించితే బింబంపై వివరాలు చెరిగిపోతాయి. వరుస చిత్రాలలో కదలికను పట్టుకోవడం జాన్సెన్ యంత్రం అనుసరించిన సూత్రమే.

ముగింపు

గుంటూరులో ఫలకం, విశాఖలో గడియారం, మంగళయాన్‌లో కెమెరా ఒకే అవసరాన్ని తీర్చాయి: క్షణికమైన స్పర్శను తర్వాతి వారు పరీక్షించగల సాక్ష్యంగా నిలపడం. చిత్రం అందాన్ని మాత్రమే గమనించే చరిత్రరచన ఈ అవసరాన్ని విస్మరిస్తుంది. బాన్సువాడ ప్రాంతపు డోంగ్లిలో ఒక విద్యార్థి చిన్న దూరదర్శినితో గురుబింబంపై ఉపగ్రహపు నీడను చిత్రించినా, తేదీ, సెకన్లతో సహా సమయం, స్థలం రాసి ఉంచితే అది ఈ పరంపరలో చేరే పత్రమవుతుంది. అవి లేనినాడు అది బింబంపై ఒక బిందువు మాత్రమే.