ఇన్సులినునందలి తుత్తునాగము

మధుమేహరోగులకు ప్రాణాధారమగు ఇన్సులిను కలకండవలె స్ఫటికములు గట్టును. వానిలో తుత్తునాగము, అనఁగా జింకు, ఉన్నదని 1934లో టొరాంటోలో స్కాట్ పండితుఁడు కనిపెట్టెను. మఱుసటి యేఁడు డొరొతీ క్రోఫుట్, అనంతరము హాడ్జ్‌కిన్ అని ప్రసిద్ధికెక్కిన విదుషి, వానికి ఎక్స్‌కిరణములతో ఛాయాచిత్రము తీసెను. లోపలి యమరిక తెలియుటకు 1969 వఱకు పట్టెను! ఆఱు ఇన్సులిను అణువుల నడుమ రెండు జింకులు. ఒక్కొక్కదానిని మూఁడు హిస్టిడీనను అంశములును మూఁడు నీటియణువులును చుట్టియున్నవి.

ఇట్టి చిత్రములు తఱచు మసకగా నుండును. కావున నేఁటి పరిష్కర్తలు, జింకు చుట్టు ఇన్ని పొరుగులుండవలెననియు, హిస్టిడీనుని నత్రజనికి ఎడము సుమారు 2 ఆంగ్‌స్ట్రాములనియు గణనమున నియమము పెట్టుదురు. ఆంగ్‌స్ట్రామనఁగా సెంటీమీటరులో పదికోట్లవ వంతు. నియమము వదలినచో పరమాణువు చోటు తప్పవచ్చును. మిక్కిలి బిగించినచో స్ఫటికము పలుకు వినఁబడదు, మన పలుకే మరల వినఁబడును. నేనును ఛందస్సు కుదురుటకై తాళపత్రపాఠమును దిద్ది, అదియే కవిహృదయమని మురిసినవాఁడనే. మఱియొక ప్రతి దొరకఁగా సిగ్గుపడితిని.

1976లో, ఉప్పు మిక్కుటమగు ద్రవమునఁ బెరిగిన ఇన్సులిను స్ఫటికపు నిర్మాణము వెలువడెను. అందుఁ గొన్ని జింకుల చుట్టు ఆఱు గాక నాలుగే పొరుగులు! ఆఱింటి నియమమునే బిగించి చూచినచో ఆ నాలుగు కనఁబడకయే పోవును గదా.