పరాయి పట్టణంలో ఒక రాత్రి బస

పరాయి పట్టణంలో రైలు దిగిన మనిషికి మొదట కావలసినది బస. నలుగురు కలిసి వచ్చినవారు సామాను ఒకరికి అప్పగించి, తక్కినవారు గది వెతకవచ్చును. ఒంటరిగా వచ్చినవానికి ఆ వీలు లేదు. ఒంటరిగా వచ్చిన స్త్రీకి అది మరీ కష్టము. ఏ హోటలు నమ్మదగినది, ఏది కాదు అని ఎట్లు తెలియును? ఈ ప్రశ్న మనతో పుట్టినది కాదు. మన పూర్వులు దీనికి ఏమి సమాధానము చూచుకొన్నారో కొంచెము పరిశీలింతము.

కాకతీయుల ఓరుగల్లును వర్ణించిన ‘క్రీడాభిరామము’లో ఒక పూటకూటింటి ప్రస్తావన ఉన్నది. అక్కడ ఒక్క రూకకు సన్నబియ్యపు అన్నము, పిండివంట, పెసరపప్పు, నెయ్యి, పెరుగు దొరకునట. మనము గమనించవలసినది ఆ విందును మాత్రమే కాదు. ఆ ఇల్లు ఎవరిదో కవి పేరుతో సహా చెప్పినాడు. ధర ఇంత అనియు చెప్పినాడు. ఇంటివారి పేరు, ధర, ఈ రెండును ఊరందరికి తెలిసిన చోట కొత్తవానిని మోసగించుట సులభము కాదు.

చెన్నపట్టణం సుప్రీం కోర్టులో దుబాసీగా ఉండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో కాశీయాత్రకు బయలుదేరి హైదరాబాదు, నాగపూరుల మీదుగా వెళ్ళినారు. మజిలీ మజిలీకి దిగుటకు చోటున్నదా, వంట సామాను దొరకునా అని ఆయన వ్రాసికొన్న సంగతులు నేటికిని చదువదగినవి. అయితే ఆయన వెంట పెద్ద పరివారమున్నది. ఒంటరి బాటసారి సంగతి వేరు. దారిలో స్నేహము నటించి ప్రాణము తీయు థగ్గుల భయమున్న కాలమది. వారిని శిక్షించుటకు 1836లో ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చినది.

1867లో బ్రిటిషు ప్రభుత్వం సరాయిల చట్టము చేసినది. సరాయిని నడుపువారు తమ పేరును, సరాయిని రిజిస్టరులో నమోదు చేయించుకొనవలెను. గదులు, బావులు శుభ్రముగా ఉంచవలెను. మేజిస్ట్రేటు అవసరమన్నంతమంది కావలివారిని పెట్టవలెను. అద్దె రేట్లు అందరికి కనబడునట్లు వ్రాసి కట్టవలెను. అడిగినప్పుడు ముందటి రాత్రి ఎవరెవరు దిగినారో తెలుపవలెను. అనగా ఓరుగంటిలో ఊరివారి ఎరుక చేసిన పనిని ఇక్కడ కాగితము చేసినది. రెంటి సారము ఒక్కటే: బాటసారికి ఏదైనా జరిగినచో జవాబు చెప్పవలసిన మనిషి ఒకడు ఉండవలెను.

ఇక మన రాజురా సంగతి. ఈ తాలూకా 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఆదిలాబాదు జిల్లాలోనిది. కాజీపేట, బల్లార్షాల నడుమ రైలుదారి పూర్తియై 1929 నాటికి ఉత్తర దక్షిణములు కలిసిన తరువాత మనవారికి రాజధాని ప్రయాణము సులభమైనది. అక్కడ నాంపల్లి స్టేషను దాపున 1919లో కట్టిన సరాయి ఉండెను. భాష మనది, చాలమందికి ఎవరో ఒక చుట్టము కూడ ఉండెడివాడు. 1956 నవంబరు 1న రాష్ట్రముల పునర్విభజనతో తాలూకా బొంబాయి రాష్ట్రంలో నాందేడు జిల్లాకు, 1959లో చాందా జిల్లాకు చేరినది. వర్ధానది కావలి దిక్కు మన దిక్కైనది. హైకోర్టు పని పడినను, పెద్దాసుపత్రి పని పడినను, నాగపూరు పోవలసి వచ్చినది. గీత కాగితము మీద మారినంత త్వరగా చుట్టములు మారరు గదా! పట్టణంలో తలుపు తట్టదగిన ఇల్లు లేనివానికి లాడ్జీయే గతి అయినది.

అందుచేత నేడు ఒంటరిగా పోవువారు ఆ పాత ప్రశ్నలనే అడుగుట మేలని మా అభిప్రాయము. బయలుదేరక ముందే హోటలుకు ఫోను చేసి, పన్నులతో కలిపి అద్దె ఎంతో, రాత్రివేళ కౌంటరులో మనిషి ఉండునో లేదో, ఒంటరి స్త్రీకి గది ఇత్తురో లేదో తేల్చుకొనవలెను. గది చూచిన తరువాతనే పైకమియ్యవలెను. తలుపు గడియ లోపల గట్టిగా పడునా, అగ్నిప్రమాదమైనచో దిగుటకు మెట్లెక్కడ అని చూడవలెను. గది నెంబరు పదిమందిలో బిగ్గరగా చెప్పించుకొనరాదు. చౌక అని దూరపు గది పట్టినచో ఆటో బాడుగ ఆ చౌకను మింగును. చీకటి దారి భయము అదనము. రైలు టిక్కెట్టున్నవారికి పెద్ద స్టేషనులలోని విశ్రాంతి గదులు ఒక రాత్రికి చాలును. రిజిస్టరులో పేరడిగినచో విసుగుకొనరాదు. పేరు అడుగనిచోటనే అనుమానింపవలెను. ఆపదలో 112 నెంబరు ఉన్నది.

మరొక మాట. బస కుదరలేదని ఉద్యోగపు పరీక్ష మానుకొను ఆడపిల్లకు కలుగు నష్టము ఒక రాత్రి అద్దెతో తూగునది కాదు. నాగపూరులోను, హైదరాబాదులోను, ముంబయిలోను స్థిరపడిన మనవారు తాము స్వయముగా చూచిన నాలుగు మంచి బసల పేర్లు ఊరివారికి తెలిపినను, రైలు దిగినప్పుడు ఒకమారు ఫోనులో పలుకరించినను చాలును. చుట్టరికము లేనిచోట జవాబుదారి కాగలవాడే చుట్టము. ఈ ఉగాదినుండి మనవారి ప్రయాణములన్నియు క్షేమముగా సాగుగాక!