గంటకు నాలుగు ఎంబీల ఊరు

ఆ ఊళ్లో స్థలం ఊరికే ఇచ్చేవారు. రిజిస్ట్రేషను లేదు, స్టాంపు కాగితం లేదు, మధ్యవర్తి లేడు. ఇంటర్నెట్‌లో ఆ ఊరు వేసిన కంపెనీని 1994లో అమెరికాలో డేవిడ్ బోనెట్, జాన్ రెజ్నర్ మొదలుపెట్టారు, దానికి తర్వాత జియోసిటీస్ అని పేరొచ్చింది. సొంత వెబ్‌సైటంటే యూనివర్సిటీలకో పెద్ద కంపెనీలకో ఉండే వైభోగమని జనం అనుకుంటున్న రోజుల్లో వీళ్లు పేటలు వేశారు. సినిమావాళ్లకు హాలీవుడ్, కంప్యూటర్లవాళ్లకు సిలికాన్ వ్యాలీ, చదువూ తత్వమూ మాట్లాడుకునేవాళ్లకు ఏథెన్స్, ఆసియా సంగతులకు టోక్యో. వచ్చినవాడు పేట ఎంచుకుని, ఖాళీగా ఉన్న నంబరొకటి తీసుకుని, తన పేజీ కట్టుకోవడమే.

ఆ ఊరికి మనవాళ్లూ చేరారు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి, మిరప అమ్మిన డబ్బు ఇంజినీరింగ్ ఫీజులుగా మారి, ఆ చదువులు వై2కె (2000 సంవత్సరపు కంప్యూటర్ల సమస్య) వేళకి అమెరికా విమానం ఎక్కిన కాలం అది. కొందరు న్యూజెర్సీ అపార్ట్‌మెంట్లలో కూర్చుని కట్టారు. కొందరు గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేట నెట్ సెంటర్లలో గంటకింతని చెల్లించి, మోడెం కూత ఆగేదాకా కాచుకుని కట్టారు. ఏం పెట్టేవారు? చెల్లెలి పెళ్లి ఫోటోలు, ఊరి గుడి, అభిమాన హీరో, డైరీలో దాచుకున్న కవితలు, అమ్మ చెప్పిన గోంగూర పచ్చడి. అడుగున, వచ్చిపోయినవాళ్ల లెక్క చూపే మీటరు. అది వంద దాటితే పండగ. వెనక నక్షత్రాలు మెరిసేవి, పైన అక్షరాలు పరుగెత్తేవి. తెలిసినవాళ్లు చూసి నవ్వేవాళ్లనుకోండి. ఇప్పుడు అందరి పేజీలూ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి కాబట్టి నా ఓటు ఆ నక్షత్రాలకే.

1998 ఆగస్టులో కంపెనీ షేర్లు మార్కెట్లోకి వచ్చాయి. 1999 జనవరిలో యాహూ దాన్ని సుమారు 357 కోట్ల డాలర్ల విలువకు కొంటున్నట్టు ప్రకటించింది. అంత ధర పలికింది యంత్రాలకు కాదు, ఊరికే వచ్చి కట్టుకున్న ఆ జనానికి. అదే ఏడాది మధ్యలో, పేజీల్లో ఉన్నదాని మీద తనకూ హక్కులున్నాయని యాహూ కొత్త షరతులు రాసింది. జనం గొడవ చేశాక వెనక్కి తగ్గింది. తర్వాత డాట్‌కామ్ బుడగ పగిలింది. అప్పటిదాకా లెక్క చూడనివాళ్లు లెక్క చూడటం మొదలుపెట్టారు.

వెబ్‌సైటుకు కొలతలు రెండు. ఒకటి స్థలం. ఇక్కడ ఉచితంగా ఇచ్చింది 15 ఎంబీ. రెండోది హోస్టింగ్ వాళ్లు బ్యాండ్‌విడ్త్ అనే డేటా బదిలీ, అంటే సర్వర్ నుంచి చూసేవాళ్ల కంప్యూటర్లకు వెళ్లిన మొత్తం. 100 కేబీ ఫోటోను పదిమంది చూస్తే స్థలం 100 కేబీయే, బదిలీ మాత్రం 1000 కేబీ. యాహూ ఉచిత పేజీలకు పెట్టిన హద్దు నెలకు సుమారు 3 జీబీ. వినడానికి బాగానే ఉంది. దాన్ని గంటల కింద కోయడంలోనే ఉంది కిటుకు: గంటకు 4.2 ఎంబీ. అది దాటిందా, పేజీ ఆగిపోయి, ఈ సైటు తనకు కేటాయించిన బదిలీ పరిమితిని దాటింది, ప్రస్తుతానికి అందదు అని నోటీసు పడేది. ఎవరూ చూడని అర్ధరాత్రి మిగిలింది పొద్దుటికి జమ అయ్యేది కాదు. డబ్బు తీసుకునే హోస్టింగుల్లో హద్దు సాధారణంగా నెలకు ఉండేది. అది దాటితే చాలాచోట్ల 509 అనే అంకె కనిపించేది. అధికారిక సంకేతాల పట్టికలో ఆ అంకే లేదు.

కొలత అందరికీ ఒకటే, దెబ్బ మాత్రం ఒకటి కాదు. ఇంగ్లీషులో నాలుగు పేరాలు రాస్తే ఏ 5 కేబీయో. గంటలో 800 మందికి పైగా చూడొచ్చు. తెలుగుకు ఆ సుఖం లేదు. యూనికోడ్‌లో మన లిపికి 1991లోనే చోటు దొరికినా, మామూలు ఇళ్ల కంప్యూటర్లకు అది చేరడం 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో వచ్చాకే మొదలైంది. అంతదాకా ఉన్న దారులు మూడు. ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాయడం ఒకటి. ముందు ఈ ఫాంటు దించుకోండి బాబూ అని వచ్చినవాళ్లను బతిమాలడం రెండోది. పద్యాన్ని కాగితం మీద రాసి, స్కాన్ చేసి, బొమ్మగా పెట్టడం మూడోది. తెలుగు తెలుగులాగా కనబడాలన్న పట్టుదల ఉన్నవాళ్లు మూడో దారి పట్టారు. బొమ్మ ఒక్కటి 80 కేబీ ఉంటే గంటకు 52 సార్లు పోతుంది. యాభైమూడో మనిషికి పద్యం లేదు, నోటీసు ఉంది. నాలుగు నిమిషాల పాటను ఎంపీ3గా పెడితే ఇంకా ఘోరం. ఒకరు దించుకుంటే ఆ గంటకు వాటా దాదాపు ఖాళీ.

అదీగాక మనవాళ్లు చూసే వేళ ఒకటే. చలికాలంలో గుంటూరులో పొద్దున ఎనిమిదైతే న్యూజెర్సీలో ముందురోజు రాత్రి తొమ్మిదిన్నర. ఇక్కడివాళ్లు కాఫీ తాగి, అక్కడివాళ్లు అన్నం తిని, ఇద్దరూ కంప్యూటరు ముందు కూర్చోగల వేళ అదే. సంక్రాంతికి ముగ్గుల ఫోటోలు పెట్టామని మేనత్తలకూ బాబాయిలకూ మెయిలు కొడితే, అందరూ ఆ గంటలోనే వచ్చి పడేవారు. బదిలీ మీటరు వేగంగా తిరిగి, పేజీ ఆగిపోయేది. కట్టినవాడికి సంగతి తెలిసేది తర్వాత: మీ పేజీ ఏదీ రావట్లేదేరా అని ఊరి నుంచి ఫోనొస్తే.

గుంటూరు మిర్చి యార్డులోనూ హద్దు ఉంది. సీజన్లో లక్ష టిక్కీలు (మిర్చి బస్తాలు) దాటి వచ్చి పడి, కాటాలు అందుకోలేకపోతే సెలవు ప్రకటిస్తారు. లారీలో కాయతో దారి పట్టిన రైతు తిట్టుకుంటాడు. అయినా అక్కడ ముందు చెబుతారు, సెలవు తర్వాత అదే కాయ అమ్ముడుపోతుంది. పేజీ దగ్గర నోటీసు చూసినవాడు మళ్లీ వస్తాడన్న భరోసా లేదు.

ఇంకో ముప్పు దొంగచాటుది. మీ పేజీలోని హీరో ఫోటోను ఇంకెవరో తమ పేజీలోకి నేరుగా తగిలిస్తారు. చూసేది వాళ్ల పేజీలో, తిరిగేది మీ బదిలీ మీటరు. దీనికి మందు ఉండేది, నెలకు సుమారు ఐదు డాలర్లు కడితే హద్దు పెరిగేది. కానీ అప్పట్లో గుంటూరు కుర్రాడికి డాలర్లలో కట్టే కార్డెక్కడిది? అన్న అమెరికాలో ఉంటే కట్టించుకున్నాడు, లేనివాడు ఫోటోలు ఒక్కొక్కటే తీసేశాడు. తమ్ముడి ఫోటో చిన్నదైంది, గుడి గోపురం చిన్నదైంది, పాట పోయింది. జనం బాగా చూసిన పేజీ బక్కచిక్కింది. ఎవరూ చూడనిది నిండుగా నిలిచింది.

తర్వాత జనం ఆర్కుట్‌కు, ఫేస్‌బుక్‌కు వెళ్లారు. పాస్‌వర్డులు మరిచిపోయారు. 2009 ఏప్రిల్లో యాహూ మూసివేత ప్రకటించి, అక్టోబరు 26న ఊరు ఊరంతా తీసేసింది. జపాన్ శాఖ మాత్రం 2019 మార్చి దాకా నడిచింది. యాహూకూ మంచిరోజులు మిగల్లేదు. 2008లో మైక్రోసాఫ్ట్ ఇవ్వజూపిన 4460 కోట్ల డాలర్లు వద్దన్న కంపెనీ అసలు వ్యాపారం 2017లో అందులో పదోవంతు ధరకు వెరైజన్ చేతికి పోయింది.

మూసే ముందు ఆ కొద్ది నెలల్లో మూతపడే సైట్లను భద్రపరిచే జేసన్ స్కాట్, ఆయనతో కలిసిన ఆర్కైవ్ టీమ్ వలంటీర్లు రాత్రింబవళ్లు పేజీలు దించుకున్నారు. ఏడాది తర్వాత వాటిని అందరికీ పంచినప్పుడు కుదించిన మొత్తం 650 జీబీల లోపే. అన్ని లక్షల జనం పేజీల్లో దొరికినంతా దుకాణంలో అమ్మే ఒక్క టెరాబైట్ డిస్కులో పట్టింది. గంటకు 4.2 ఎంబీ అని కొలిచి పోసింది ఈ ఊరికే.

ఆ డిస్కులో తెలుగు పేజీలను వెతకడం కష్టం. ఫాంటుతో కట్టినవి ఇప్పుడు తెరిస్తే, ఆ ఫాంటు లేక, అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపుగా కనిపిస్తాయి. బొమ్మలుగా పెట్టిన పద్యాలకైతే, ఏ తెలుగు మాట కొట్టినా యంత్రానికి చిక్కదు. ఆర్‌టీఎస్‌లో రాసినవే కాస్త నయం. ఎవరి దగ్గరైనా పాత అడ్రసు, పేట పేరూ నంబరూ సహా, పూర్తిగా ఉంటే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కొట్టి చూడవచ్చు. ముందు పేజీ దొరికి లోపలి ఫోటోలు దొరకని సందర్భాలూ ఉంటాయి.