మేస్త్రీ మాట, ఇంజనీరు మాట

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని సంపాదక మిత్రులు అడిగారు. ఉద్యోగపు ముచ్చట్లు రాసేవారు మనలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను మనమంతా ముప్పై ఏళ్ళకు పైగా సైటులో వాడిన కట్టడపు మాటల గురించి నాలుగు మాటలు రాయదలచాను. ఇంటికి ఉన్నట్టే ఇంటి భాగాల పేర్లకూ చరిత్ర ఉంది.

ముందుగా మేస్త్రీతోనే మొదలుపెడదాం. ఈ మాట పోర్చుగీసు వారిది. వారి భాషలో పనిలో ఆరితేరినవాణ్ణి 'మెస్త్రె' అంటారు. కూలీలు మాలు మోసే గమేళా, మన గోడల్లోని అలమారు కూడా ఆ ఓడల్లో వచ్చినవే. పునాది పారశీకపు 'బునియాద్' నుంచి వచ్చింది. కిటికీ హిందీ 'ఖిడ్కీ'. తెలంగాణలో దర్వాజా అన్నదాన్నే కోస్తావారు ద్వారబంధం అంటారు. ఇక దూలం, వాసం, గడప, చూరు మన సొంత ఆస్తి. రాయలసీమ మట్టిమిద్దెలో దూలం మీద దంతెలు పరుస్తారు, వెలుతురుకు పైకప్పులో గవాచి వదులుతారు. సంస్కృతపు గవాక్షమే అక్కడ గవాచి అయి కూర్చుంది.

పనిముట్ల పేర్లు చూడండి. గాజుగొట్టంలో ద్రవం, అందులో బుడగ ఉండే పరికరం రసమట్టం. మూల సరిగా ఉన్నదీ లేనిదీ చూసేది మూలమట్టం. ఏ కమిటీ కూర్చుని ఈ మాటలు చేయలేదు. పని చేసే చేతులే పేరు కూడా పెట్టుకున్నాయి. ఇంగ్లీషు 'బేస్‌మెంటు'ను మనవాళ్ళు 'బేస్‌మట్టం' చేశారు. ఇంగ్లీషులో దానికి నేల కింది గది అని అర్థం. మనకు మాత్రం అది పునాది మీద గోడ లేచే మట్టం. బడుగువర్గాల ఇళ్ళ పథకాలలో బేస్‌మట్టం పూర్తయితే ఒక బిల్లు అని లెక్క. ఆ మాటకు అర్థం తెలియకపోతే పేదవాడి బిల్లు ఆగిపోతుంది.

మాటలు మన దగ్గరి నుంచి కూడా బయటికి వెళ్ళాయి. గోదావరి మీద ధవళేశ్వరం వద్ద సర్ ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేసిన కట్టడాన్ని ఇంగ్లీషు రికార్డులలో 'అనికట్' అనే రాశారు. తమిళుల అణైక్కట్టు, మన ఆనకట్ట ఒక కుదురు మాటలే. కడప నాపరాయి 'కడప్పా స్లాబు' అనే పేరుతో దేశమంతా తిరిగింది.

శాస్త్రగ్రంథాల మాటల సంగతి వేరు. మానసారం, మయమతం వంటి వాస్తుగ్రంథాలలో అధిష్ఠానం, ప్రస్తరం వంటి పదాలు కోకొల్లలు. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో రామ్ రాజ్ అనే ఆయన వీటి అర్థం తేల్చడానికి పూనుకున్నారు. పండితులకు మాట తెలుసు గాని పని తెలియదు. శిల్పులకు పని తెలుసు గాని శ్లోకం బోధపడదు. ఆయన ఇద్దరినీ కలుపుకుని, గుడులు కట్టేవారి సాయంతో పదాల అర్థం నిర్ణయించారు. హిందూ వాస్తు మీద ఆయన రాసిన ఇంగ్లీషు గ్రంథం ఆయన పోయిన తరువాత 1834లో లండనులో అచ్చయింది. మాటకు అర్థం పనిచేసేవాడి దగ్గర ఉంటుందని అప్పుడే తెలిసివచ్చిందన్నమాట.

మన కాలానికి వద్దాం. 1966లో రాష్ట్రంలో అధికార భాషా చట్టం వచ్చింది. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడింది. అంతకు ముందే, 1962లో, భద్రిరాజు కృష్ణమూర్తి గారు వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం తెచ్చారు. ఆ వరుసలో ఇళ్ళు కట్టే పనివారి మాటలను బూదరాజు రాధాకృష్ణ గారు సేకరించారు. ఒక దారి మాటను తయారు చేయడం, రెండో దారి ఉన్న మాటను ఏరుకోవడం. నా ఉద్దేశంలో రెండూ కావలసినవే. ప్రతిబలం, వికృతి అనే రెండు వేరువేరు భావాలకు మేస్త్రీ దగ్గర పేర్లు లేవు. అవి పాఠ్యపుస్తకం ఇవ్వవలసినవే. కాని చేతికి తగిలే వస్తువుకు ఊళ్ళో పేరుండగా కొత్త పేరు పెట్టడం దేనికి?

ఇది కేవలం భాషాభిమానపు గొడవ కాదు. ఒక చోట స్లాబు పనికి సంబంధించిన సూచనల కాగితం అచ్చ గ్రాంథికంలో గోడకు అంటించారు. మేస్త్రీ వచ్చి, "సారూ, ఇందులో ఏముందో కాస్త చెప్పండి" అన్నాడు. "సెంట్రింగు ఎప్పుడు విప్పాలో రాశారు" అంటే ఒక్క క్షణంలో అర్థమైంది. 2000 నాటి మన కాంక్రీటు కోడు ప్రకారం, మామూలు సిమెంటుతో, నాలుగున్నర మీటర్ల లోపు స్లాబుకు కింది ఊతాలు కనీసం 7 రోజులు ఉంచాలి. అంతకు మించితే 14 రోజులు. ఆరు మీటర్లు దాటిన దూలానికి 21 రోజులు. ఈ అంకెలు మేస్త్రీకి అర్థం కాకపోతే పోయేవి మనుషుల ప్రాణాలు.

ఆ సెంట్రింగు మాటకూ ఒక కథ ఉంది. కమాను కట్టేటప్పుడు సున్నం గట్టిపడేదాకా రాళ్ళను మోయడానికి కింద పెట్టే చెక్క చట్రాన్ని ఇంగ్లీషువారు 'సెంటర్' అనేవారు. కమానులు పోయి స్లాబులు వచ్చాయి. పేరు మాత్రం మిగిలింది. పేరులోనే పాఠం ఉంది: పైది తన బరువు తాను మోసుకునేదాకా కిందిది తీయరాదు.

అన్నిటికన్నా వేగంగా పోతున్నవి సున్నం మాటలు. గానుగ సున్నం, డంగు సున్నం, సుర్కీ, కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు. సిమెంటు బస్తా వచ్చాక వీటితో పని లేదనుకున్నాం. 1591 నాటి చార్మినారు మినారు నుంచి 2019లో గచ్చు పెచ్చు ఊడిపడితే తిరిగి సున్నపు పనివారినే వెతుక్కోవలసి వచ్చింది. పాత కట్టడానికి సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి పోదు, గోడ పాడవుతుంది. ఆ సున్నం ఎలా కాల్చాలి, ఎన్నాళ్ళు నాననివ్వాలి, గానుగలో ఎంతసేపు తిప్పాలి అనే విద్య అంతా ఆ మాటల్లోనే దాగి ఉంది. మాట మరచిపోతే పని మరచిపోయినట్టే.

కనుక మన సంఘ సభ్యులకు ఒక మనవి. రోడ్లు, భవనాలు, కాలువలు, ప్రాజెక్టులు, ఎక్కడ పనిచేసినవారైనా సరే, మీ సైటులో విన్న మాటలు ఒక కాగితం మీద రాయండి. ఏ జిల్లాలో, ఏ పనివారి నోట విన్నదీ, ఆ వస్తువు దేనికి ఉపయోగమో పక్కన ఒక్క వాక్యం చేర్చండి. వీలైతే చిన్న బొమ్మ గీయండి, అది మనకు చేతనైన విద్యే గదా. మీకు తెలిసిన పాత మేస్త్రీలు ఉంటే వారిని తప్పక అడగండి. వచ్చినవన్నీ అకారాది క్రమంలో పేర్చే పని నేను చేస్తాను. పెన్షను మనం పోయినా కుటుంబానికి కొంత వస్తుంది. ఈ మాటలు మాత్రం మనం రాసి ఇస్తేనే తరువాతివారికి దక్కుతాయి.