భైరవకోన గుహాలయములు

తీరప్రాంతపు బోగోలు విద్యార్థులకు కొండ, కోవెల, జలపాతము మూడును ఒకనాటి యాత్రలో లభించు స్థలము భైరవకోన. ఉదయగిరి మీదుగా పోవలెను. 1970లో ప్రకాశము జిల్లా ఏర్పడువరకు అది నెల్లూరు జిల్లాలోనిదే.

పిల్లల కన్ను ముందుగా సుమారు 200 అడుగుల ఎత్తునుండి దుముకు నీటిపై పడును. అది సహజమే. కాని ఆ చెంతనే కొండను తొలిచిన శివాలయములు ఎనిమిది కలవు. ఏడు తూర్పుమొగము, ఒకటి ఉత్తరమొగము. ఇవి రాళ్లు పేర్చి కట్టినవి కావు, ఉన్న రాతిని తొలగింపగా మిగిలినవి. ఉలి ఒక్కవేటు తప్పినచో అతుకుటకు వీలులేదు.

తొలిపించిన దెవరు? కొన్ని స్తంభముల అడుగున సింహములు కూర్చున్నవి. మహాబలిపురము చూచినవారు వానిని వెంటనే ఆనవాలు పట్టుదురు. కనుక పల్లవుల పనియని కొందరు, చాళుక్యుల పోకడలును కలవని మరికొందరు. తగవింకను తీరలేదు. నీట దిగిన పిల్లలు మరల చరిత్ర వినరు. ఉపాధ్యాయులు స్నానములకు ముందే వారిని ఆ సింహముల యొద్దకు గొనిపోవుదురు గాక.