పొగగొట్టం లెక్క

జగిత్యాల, కోరుట్లల్లో బాయిల్డ్ రైస్ మిల్లులు, సిరిసిల్లలో సైజింగ్ యూనిట్లు... అన్నింటికీ ఆవిరి కావాలి. పొగ మాత్రం పక్కింటికి :-)

1863లో కలకత్తాలో బాయిలర్ పేలి జనం చచ్చిపోతే, మరుసటేడే బెంగాల్లో చట్టమొచ్చింది. 1923 నాటి బాయిలర్ల చట్టం భయమూ పేలుడే. ఇన్‌స్పెక్టరు ప్రెషర్ చూస్తాడు, పక్కింటోళ్ళ దగ్గు కాదు. పొగ మీద దేశమంతటికీ చట్టం రావడానికి 1981 దాకా ఆగాల్సొచ్చింది!

ఇప్పుడు గంటకి 2 టన్నుల ఆవిరిలోపు బాయిలర్‌కి గొట్టం 9 మీటర్లు, లేదా పక్క భవనానికి రెండున్నర రెట్లు, ఏది ఎక్కువైతే అది ఉండాలి. 6 మీటర్ల ఇంటికి 15 సరిపోతుంది. దాని మీద ఇంకో 3 మీటర్ల అంతస్తేస్తే 22.5 కావాలి. మేడ లేస్తుంది, గొట్టం లేవదు. పొగ తిన్నగా కిటికీలోకే! కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు రాస్తే, "పొగొస్తోంది" అని ఊరుకోక ఆ రెండు ఎత్తులూ రాయండి.